లేని గుర్తును చూచే కావలి

మన రక్తములో రాత్రింబగళ్లు కావలి తిరిగే కణములున్నాయి. 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వాటికి నేచురల్ కిల్లర్ కణములని పేరు పెట్టారు.

కేంద్రకము గల మన కణములు దాదాపు అన్నీ "నేను ఈ శరీరపు దానను" అని చెప్పే గుర్తును పైన ధరించియుంటాయి. కొన్ని క్యాన్సర్ కణములు ఇతర రక్షక కణముల కంటపడకుండ ఆ గుర్తును తీసివేసుకుంటాయి. అయితే ఈ కావలి కణము గుర్తు లేకపోవుటనే పసిగట్టి, వాటి పొరకు రంధ్రములు చేసి చంపుతుంది.

అయినను క్యాన్సర్ ఈ కావలిని కూడ తప్పించుకొనగలదు. కాబట్టి గడ్డ కనబడితే సిగ్గుపడి దాచవద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. ఏ పాపము చేశారో అని రోగిని గూర్చి గుసగుసలాడవద్దు. లేనిదానిని గమనించుట ఆ కణము వద్ద నేర్చుకొందాము. ఈ ఆదివారము సంఘములో ఎవరి చోటు ఖాళీగా ఉన్నదో చూడండి. వెళ్లి వారి తలుపు తట్టండి.