యంత్రభాగములు కడుగు తొట్టె: తగిన పంపు ఏది?

విజయవాడ ఆటోనగరులో లారీలు బాగుచేయు షెడ్ల ముందు ఒక దృశ్యము తరచు కనబడును. ఇనుప పళ్లెములో డీజిలు పోసి, కుంచెతో బేరింగులను, గేరుచక్రములను తోముచుందురు. ఇంటివద్ద చిన్న మరమ్మతుగది పెట్టుకొన్నవారును, డెల్టా గ్రామములలో ఆయిలింజను గల రైతులును చేయునది ఇదియే. ఇందులో లోప మొకటి గలదు. ఒక భాగమునుండి వదలిన మడ్డి తరువాతి భాగమునకు అంటుకొనును. మడ్డిని తొట్టె అడుగున పేరుకొననిచ్చి, పైని తేటను పంపుతో ఎత్తి ధారగా పోసినచో ఈ చిక్కు తీరును. అట్టి తొట్టెకు తక్కువ ఖర్చులో ఏ పంపు తగునో నేడు విచారింతము.

పంపుకంటె ముందు ద్రవమును నిర్ణయించుకొనవలెను. పెట్రోలును ఈ పనికి ఎన్నడును వాడరాదు. దాని ఆవిరి చలికాలములో సైతము అంటుకొనును. కిరసనాయిలునకు, డీజిలునకు మన దేశ ప్రమాణము విధించిన కనీస జ్వలనస్థానము 35 డిగ్రీల సెంటీగ్రేడు. అనగా, ఆ వేడిమివద్దనే వాటి ఆవిరి చిన్న రవ్వకు అంటుకొనవచ్చును. బెజవాడ ఎండ మే నెలలో 40 డిగ్రీలు దాటుట అందరు నెరిగినదే. చలిదేశములలో అంతగా భయము లేని పని మనకు వేసవిలో అపాయకరమగుట ఇందువలననే.

చౌకగా దొరకునది ఎయిర్‌కూలరు పంపు. అది 230 వోల్టుల కరెంటుతో, నీటిలో మునిగి నడచుటకు చేసినది. నూనెలో దాని తీగపై తొడుగు బిరుసెక్కి పగులును, రబ్బరు ఉబ్బును. కావున దానిని నూనెలో ముంచరాదు. గోరువెచ్చని సబ్బునీటికి మాత్రము అది చక్కగా పనికివచ్చును. అయితే ఎర్తు తీగయు, కరెంటు లీకైనంతనే ఆపివేయు స్విచ్చియు తప్పక ఉండవలెను. కడిగిన ఉక్కు భాగములను వెంటనే తుడిచి, ఆరబెట్టి, నూనె పూయవలెను. లేనిచో తుప్పు పట్టును.

కారు అద్దము కడుగు 12 వోల్టుల పంపు కూడ నీటికొరకు చేసినదే. అది కొద్ది క్షణములు నడచుటకే గాని ఎడతెగక నడచుటకు కాదు. కారులోని ఇంధనపు పంపు నూనెకు తట్టుకొనును గాని మడ్డికి తట్టుకొనదు. బాటరీ తీగలు తగిలించునపుడు రవ్వలు రాలుటయు గలదు.

నూనెతోనే కడుగదలచినవారికి మేము చెప్పునది చేతిపంపు. పీపాలనుండి డీజిలు తోడుటకు వాడు, పిడి త్రిప్పెడి పంపు చాలును. కరెంటు లేదు గనుక దానివలన విద్యుత్ రవ్వ పుట్టదు. ఒకరు త్రిప్పగా మరొకరు కడుగవలసి వచ్చునని సందేహింప నక్కరలేదు. పైన ఒక డబ్బాను నింపి, దాని కుళాయినుండి సన్నని ధార వదలినచో ఒక్కరే పని చేసికొనవచ్చును. తుంపరగా మాత్రము చిమ్మరాదు. తుంపర మరింత సులభముగా అంటుకొనును. పీల్చెడి గొట్టము తొట్టె అడుగునకు నాలుగంగుళములు పైన నుండవలెను. దాని నోటికి సన్నని జాలి కట్టవలెను. తొట్టెకు మూత ఉండవలెను. పని గాలి ఆడు నీడలో, పొయ్యికిని బీడీలకును దూరముగా జరుగవలెను.

తుదకు మిగిలిన మడ్డిని కాలువలో పోయరాదు. ప్రకాశం బారేజి నుండి సాగు కాలువలే డెల్టా చేలను తడుపుచు, గ్రామముల త్రాగునీటి చెరువులను నింపుచున్నవి. మడ్డిని మూతగల డబ్బాలో దాచి, వాడిన నూనెను తీసికొనుటకు అనుమతి గలవారికే అప్పగింపవలెను.