నిచ్చెన నిలుపు విధము

గిడ్డంగులలోను మిల్లులలోను కట్టడములయొద్దను నిత్యము వాడుకలో నున్నదే యైనను, నిచ్చెనను గోడకు ఏ వాలున ఆనించవలెనో విచారించువారు అరుదు. పైకొన 16 అడుగుల యెత్తున ఆనినచో పాదము గోడకు 4 అడుగుల దూరమున నుండవలెను, అనగా ఎత్తులో నాలుగవ వంతు. అంతకు మించి యెడముగా నుంచిన పాదము జాఱును, మఱీ దగ్గఱగా నుంచిన నెక్కినవాడు నిచ్చెనతోగూడ వెనుకకు ఒఱగును. నున్నని గచ్చుపై వాలొక్కటియే చాలదు, పైకొనను త్రాటితో బిగింపవలెను, వీలుగానిచో క్రింద నొకరు పట్టుకొని నిలువవలెను.

కొయ్య నిచ్చెనలకు రంగు పూయుట నాకు సమ్మతము కాదు. ఆ పూతక్రింద చీలిక దాగును. విద్యుత్తు తీగల చెంతకు లోహపు నిచ్చెనను కొనిపోరాదు, తడిసిన వెదురునైనను నమ్మరాదు.

పనిచేయు ప్రతి స్థలమునకును సాధ్యమైనంతవఱకు సురక్షితమైన మార్గము కల్పింపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 32వ సెక్షను శాసించినది. విఱిగిన మెట్టునకు పురికొస చుట్టి యిచ్చిన నిచ్చెన అట్టి మార్గమగునో కాదో మేస్త్రీలే సెలవియ్యవలెను! ఎక్కునపుడు, దిగునపుడు ముఖము నిచ్చెనవైపే యుండవలెను. పనిముట్లు చేతబట్టక, పైకి చేరినపిదప త్రాటితో చేదుకొనవలెను.