పారేసే ముందు ఒక మాట రాసిపెట్టుకోండి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



నన్ను పుస్తకాల నిర్వహణ గురించి మాట్లాడమన్నారు. పంచసూత్రాల్లో అది అయిదోది. మీటింగులు, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, ఆఖర్న పుస్తకాలు. ఆఖర్న ఉంది కదా అని దాన్ని మనం కొంచెం చిన్నచూపే చూస్తాం. నేను పదో తరగతి వరకు చదివాను. తొమ్మిదేళ్ళుగా మా సంఘంలో రెండో లీడర్ని, పుస్తకాలు నేనే రాస్తాను. అట్లాంటి నేనే మా సంఘం పుస్తకం ఒకటి చేతులారా పోగొట్టాను. ఇందాక వంటల దగ్గర ఒక అక్కతో ఈ సంగతి చెబుతానంటే "సభలో ఎందుకే, పరువు పోద్ది" అంది. అయినా చెబుతున్నా.

కిందటేడాది భోగికి నాలుగు రోజుల ముందు ఇల్లు సర్దడం పెట్టుకున్నాను. మాది రెండు గదులు, ఒక వరండా. ఉండేది అయిదుగురం, సామాన్లు మాత్రం పదిమందికి సరిపడా ఉన్నాయి. బూజు దులుపుదామని అటకెక్కితే కాలు పెట్టే చోటు లేదు. అన్నీ దించి వాకిట్లో పెట్టాను. దారిన పోయేవాళ్ళు "ఇల్లు మారుతున్నారా" అని అడిగారు. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, మూడు పాత సెల్‌ఫోన్లు, తిరగని మిక్సీ, పెళ్ళిళ్ళలో ఇచ్చిన ప్లాస్టిక్ బుట్టలు, ఎప్పుడో ఒకసారి పనికొస్తాయని మడతపెట్టి దాచిన క్యారీబ్యాగులు ఒక గోనెసంచి నిండా. చీరలు లెక్కపెడితే 47 తేలాయి. అందులో నేను కట్టేవి పన్నెండో పదమూడో. మిగతావి గృహప్రవేశాలకీ శ్రీమంతాలకీ పెట్టినవి. ఇక జాకెట్ గుడ్డల సంగతి మీకందరికీ తెలిసిందే. ఊరంతా తిరిగి మళ్ళీ మన ఇంటికే వస్తాయి. నేను పెట్టిన గుడ్డ ఒకటి రెండేళ్ళకి నాకే వచ్చింది, మడత కూడా విప్పలేదు.

అత్తమ్మ అప్పుడు ఊళ్ళో లేదు, మా ఆడపడుచు ఇంటికి పోయింది. ఆమె ఉంటే ఒక్కటి కూడా కదలనివ్వదు, ఇదే అదను అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులు నాకు పండగ ముందే వచ్చినట్టుంది. గది ఖాళీ అవుతుంటే గాలి ఆడింది. పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక మూల దొరికింది. కాబట్టి సర్దడం తప్పని నేను అనడం లేదు, అందరూ చేయాల్సిన పనే. నా తప్పు ఎక్కడ జరిగిందంటే, అత్తమ్మ ట్రంకుపెట్టె కింద ఒక కాగితాల మూట ఉంది. పైన బీడీకట్టల లేబుళ్ళు, పాత పంచాంగాలు, కరెంటు బిల్లులు. విప్పి చూడలేదు. పాత ఇనప సామాన్ల బండి వస్తే ఆ మూట మూటగానే కాటాలో వేశాను. మొత్తం కాగితం 9 కిలోలు తూగింది. కిలో 12 రూపాయల లెక్కన 108 రూపాయలిచ్చాడు. ఆ డబ్బుతో అరిసెలకి బెల్లం తెచ్చాను.

పండగ అయిపోయాక అత్తమ్మ వచ్చింది. ఇల్లు చూసి "బాగుందే" అని కూడా అంది. మూడోరోజు సాయంత్రం మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి, "జేజీ, మా అవ్వ సంతకం నీ దగ్గరుందంట కదా, ఒకసారి ఫోటో తీసుకుంటా" అని అడిగింది. వాళ్ళ అవ్వ కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. ఇంట్లో ఆమె కాగితాలన్నిటి మీదా వేలిముద్రే ఉంది. సంతకం పెట్టింది మా సంఘం పుస్తకంలోనే. అత్తమ్మ పెట్టె తీసింది. పెట్టె కింద చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత నా మొహం చూసింది.

ఆ మూటలో ఉన్నది మా సంఘం మొదటి తీర్మానాల పుస్తకం. 1997 నుంచి రాసింది. అప్పుడు రోజుకి రూపాయి చొప్పున నెలకి 30 రూపాయలు పొదుపు. మొదటి పేజీల్లో అన్నీ వేలిముద్రలు, పోనుపోనూ ఒక్కో వేలిముద్ర సంతకంగా మారుతూ వచ్చిందంట. నేను ఆ పుస్తకం ఎన్నడూ తెరవలేదు. నాకు అప్పజెప్పిన పుస్తకాలు 2011 నుంచే ఉన్నాయి. పాతదాన్ని ఆడిట్‌కి ఎవరూ అడగరు, బ్యాంకు అడగదు. అందుకే అది ఉందని కూడా నేను పట్టించుకోలేదు.

మర్నాడు నేనూ మా ఆయనా టౌనులో ఆ సామాన్ల కొట్టుకి పోయాం. కాగితం వారానికి ఒకసారి లోడు ఎత్తేస్తారంట. కొట్టు ఆయన మంచివాడే, గుట్టంతా నన్ను వెతుక్కోనిచ్చాడు. పిల్లల నోటుపుస్తకాలు దొరికాయి, ఎవరిదో పెళ్ళి ఆల్బం దొరికింది, మాది దొరకలేదు. ఆ అమ్మాయి ఇంటికి పోయి జరిగింది చెప్పాను. "పోనీలే పిన్నీ" అంది గానీ తలుపు దగ్గరి నుంచే మాట్లాడింది. లోపలికి రమ్మనలేదు.

రెండు మూడు రోజులు అత్తమ్మ నాతో పెద్దగా మాట్లాడలేదు. తర్వాత ఒకరాత్రి నేనే నోటుబుక్కు తీసుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నా. "పుస్తకంలో ఎవరెవరి పేర్లున్నాయో చెప్పు, నేను రాస్తాను" అన్నా. మొదట "ఇప్పుడు రాసి ఏం లాభం" అంది. తర్వాత మొదలుపెట్టింది. పేరు చెబితే ఆ మనిషి సంగతి వచ్చేది, సంగతితోపాటు ఆ మనిషి అన్న మాట వచ్చేది. ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ మొట్టమొదటిసారి తన పేరు రాసి ఉంటే చూసి, "నా పేరు ఇంత పొడుగుందా!" అన్నదంట. ఎన్నేళ్ళుగానో అందరూ "ఏమే", "ఓసే" అని పిలిచిన మనిషి. ఆ మాట రాసుకున్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మర్నాడు పోయి ఆ అమ్మాయికి ఆ మాటే చదివి వినిపించాను. సంతకం ఇవ్వలేకపోయాను గానీ ఆ మాట తీసుకుంది. ఆ రోజు లోపలికి పిలిచి టీ ఇచ్చింది.

మాది నెల్లూరు జిల్లా. మా అత్తమ్మ తరం ఆడవాళ్ళు అక్షరదీపం రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని తెలిసి, మా ఊళ్ళో కూడా చీపుర్లు, కారం పొడి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చినవాళ్ళు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఇది నేను బళ్ళో చదవలేదు, అత్తమ్మ దగ్గరే విన్నాను. కానీ మా అటక మీది గిన్నెలకీ ఆ ఉద్యమానికీ సంబంధం ఉందని ఈ మధ్యనే తెలిసింది.

నేను గిన్నెలు కూడా అమ్ముదామనుకున్నాను. 21 స్టీలు బిందెలు, గిన్నెలు వాడకుండా పడున్నాయి. అవి కాటాకి ఎక్కేలోపే అత్తమ్మ వచ్చింది కాబట్టి బతికిపోయాయి. ఒక్కోదాని మీద పేరు కొట్టించి ఉంటుంది కదా, అవి చదువుతూ అడిగాను. ఒక బిందె మీద అత్తమ్మ పేరు, 1994 అని ఉంది. "మీ మామ సారా ప్యాకెట్లకి నా పుట్టింటి గిన్నెలన్నీ పోయినాయి. అన్నం వార్చుకోను గిన్నె లేక పక్కింట్లో అడుక్కున్నా. సారా బందయినాక కూలిడబ్బుల్తో మొదట కొన్నది ఈ బిందె" అంది. ఆమె ఎందుకు ఒక్క గిన్నె కూడా వదలదో పదిహేనేళ్ళకి పైగా కాపురం చేసినా నాకు తెలియలేదు. పిసినారితనం అనుకున్నాను.

అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏదైనా వస్తువు బయటికి పోయే ముందు దాని సంగతి పుస్తకంలో రాస్తాం. ఎవరిచ్చారు, ఎప్పుడు, ఏమన్నారు. రాశాక చాలా వస్తువులు సులభంగానే పోతాయి, అదే విచిత్రం. అత్తమ్మే స్వయంగా 14 గిన్నెలు తీసి ఇచ్చింది. "పేరు రాసుకున్నావు కదా, ఇంక పోనీ" అంది. 1994 బిందె మాత్రం ఉంది, నీళ్ళకి వాడుతున్నాం. చీరల గురించి అడిగితే "కట్టుకోని చీరకి కాపలా ఎందుకే" అని నన్నే తిట్టింది. ఆ మాట కూడా రాశాను. 20 చీరలు కూలికొచ్చే వాళ్ళకి ఇచ్చాం.

వింత వస్తువులకి ఒక చిన్న డబ్బా ఉంచాను. అందులో ఒక చిల్లికాణీ ఉంది, మధ్యలో రంధ్రం, మీద 1944. రూపాయికి 64 కాణీలు ఆ కాలంలో. మా మామయ్య చిన్నప్పుడు మొలతాడుకి కట్టారంట. "చేతిలో చిల్లికాణీ లేదు" అని మనం అంటుంటాం, మా పిల్లలు అసలు కాణీని చూసి "అయితే ఇది నిజంగా ఉందా!" అన్నారు. ఒక గిద్ద ఉంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మా చిన్నోడు ఈ లెక్క ఎక్కాల కంటే తొందరగా నేర్చుకున్నాడు. 2016లో రద్దయిన అయిదువందల నోట్లు కూడా మూడు ఉన్నాయి, అత్తమ్మ చీర మడతలో మర్చిపోయినవి. వాటి గురించి ఆమె అన్న మాట మాత్రం ఇక్కడ చదవలేను.

ఇంక ఫోను. స్త్రీనిధి మీటింగు రోజు ఫోటో తీయబోతే మెమొరీ నిండిపోయిందని వచ్చింది. చూస్తే వెయ్యికి పైగా గుడ్ మార్నింగ్ బొమ్మలు. పువ్వు, దీపం, దాని మీద ఒక సూక్తి, పక్కన అబ్దుల్ కలాం గారి బొమ్మ. అన్ని మాటలు ఆయనే అంటూ కూర్చుంటే రాకెట్ల పని ఎప్పుడు చేశారో! అన్నీ తుడిచేశాను. అందులో ఒక్కటి కూడా నాకిప్పుడు గుర్తు లేదు. మన పక్కన కూర్చున్న మనిషి కష్టంలోనో సంతోషంలోనో అన్న మాట మాత్రం గుర్తుంటుంది. నా పుస్తకంలో అట్లాంటివే రాస్తాను, ఎప్పుడు, ఎందుకు అన్నారో పక్కనే రాస్తాను. బ్యాంకు లింకేజీ ఆఖరి కిస్తీ కట్టి బయటికొచ్చిన ఒక వదిన "ఇంక బ్యాంకు ముందర నెత్తిన కొంగు తీసి నడుస్తా" అంది. ఇంకొక చెల్లి వారం వారం ఫైనాన్సు వాళ్ళ అప్పులో ఉన్నప్పుడు, "అందరికీ వారానికి ఏడు రోజులు, నాకు ఒకటే రోజు, మంగళవారం" అంది. వాళ్ళు వసూలుకి వచ్చేది మంగళవారం.

ఆ చెల్లే ఈ మధ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కి 50,000 అప్పు కావాలని అడిగింది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు, అందరం చుట్టాలమే. నేను పుస్తకం తీసి ఆ మంగళవారం మాట చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "నేనే అన్నానా ఆ మాట?" అని నవ్వింది, తర్వాత 15,000 చాలంది. అప్పు ఇచ్చాం, సక్రమంగా కడుతోంది. కానీ ఇంటికి పోయాక నాకే మనసు ఊరుకోలేదు. నలుగురిలో ఆమె బాధ ఆమెకే చదివి వినిపించడం సరికాదు. పోయి అడిగితే "ఇంకొకరు చెప్పుంటే కోపమొచ్చేది, నా మాటే కాబట్టి ఊరుకున్నా" అంది. అయినా ఆ తర్వాత ఎవరి మాటైనా వాళ్ళని అడగకుండా చదవడం లేదు. ఇవాళ ఇక్కడ చెప్పినవన్నీ అడిగి చెప్పినవే. పేర్లు చెప్పడం లేదు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పాస్‌బుక్కులు, పట్టాదారు పుస్తకం, ఇన్సూరెన్సు బాండ్లు, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం, ఇవి ఒకే సంచిలో వేసి ఇంట్లో ఇంకొకరికి కూడా ఎక్కడుందో చెప్పి ఉంచండి. సంఘం పాత పుస్తకాలు లీడరు సొంతం కాదు. నిండిపోయిన పుస్తకం ఏదైనా పారేయాలంటే మీటింగులో పెట్టి అందరినీ అడగాలని మేము తీర్మానం రాసుకున్నాం. మీ సంఘాల్లో కూడా ఆ తీర్మానం చేసుకోమని అడుగుతున్నా. మీ ఇళ్ళలో ట్రంకుపెట్టె కింద ఏముందో ఈ వారమే ఒకసారి చూడండి. అత్తమ్మలు ఇంట్లో ఉన్నప్పుడే చూడండి.

మా మొదటి సంఘంలో 12 మంది. అత్తమ్మా నేనూ కలిసి 11 పేర్లు రాశాం. పన్నెండో ఆమె ఎవరో అత్తమ్మకి గుర్తుకు రావడం లేదు. నల్లగా పొడుగ్గా ఉండేదంట, నవారు మంచాలు అల్లేదంట, రెండేళ్ళుండి పుట్టింటి వైపు వెళ్ళిపోయిందంట. మన మండలంలోనే ఏదో ఊరు. ఆమె కోసం ఒక పేజీ ఖాళీగా వదిలాను. ఈ సభలో ఆమె గానీ, ఆమెను ఎరిగినవాళ్ళు గానీ ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. పచ్చచీర కట్టుకున్నాను, చేతిలో నోటుబుక్కు ఉంటుంది.