పుట్టినింటి పేరు

పితృతర్పణమున ముఖ్యముగా మూడు తరములవారిని స్మరింతుము. నా ప్రపితామహి నామమును నలువది ఏండ్లుగా ఉచ్చరించుచుంటిని. “ఆమె ఎవరి కుమార్తె, తాతగారూ?” అని మనుమడు అడుగగా నాకు నోట మాట రాలేదు. చెప్పగల మేనత్తగారు నిరుడే పరమపదించిరి.

మనుమడు గ్రాంప్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో మా వంశవృక్షమును ఎక్కించుచున్నాడు. పేరు, గోత్రము, గ్రామము, ఆ సంగతి చెప్పినవారెవరు అన్నవి వ్రాయించితిని. ఆమె పుట్టినింటి గడిని మాత్రము ఊహతో నింపనీయలేదు. అది ఖాళీగానే ఉన్నది. జీవించియున్నవారి వివరములు మినహాయించి, ఇతర వంశవృక్ష సాఫ్ట్‌వేరులును చదువగల జెడ్‌కామ్ ఫైలుగా బంధువులకు పంపితిమి. ఎవరి ఇంటనైన ఆ పేరు దొరకునేమో!

మీ ఇంటి వృద్ధులను నేడే అడుగుడు. ముందుగా స్త్రీల పుట్టినిండ్లను అడుగుడు.