ప్రమాదకర రసాయనాల నిర్వహణకు పట్టా ఎందుకు?



మీలో చాలామంది రోడ్డు మీద పెట్రోలు ట్యాంకరు వెనకాల బస్సులోనో స్కూటరు మీదో వెళ్ళే ఉంటారు. ట్యాంకరుకు ఒక నారింజ రంగు పలక ఉంటుంది. దానిమీద '3వైఈ' అనీ, దాని కింద '1203' అనీ రాసి ఉంటుంది. 1203 అనేది ఐక్యరాజ్యసమితి పద్ధతిలో పెట్రోలుకు ఇచ్చిన సంఖ్య. క్లోరిన్ అయితే 1017. పైనున్న గుర్తు అగ్నిమాపక సిబ్బంది కోసం. అందులో 3 అంటే మంటను నురుగుతో ఆర్పాలని, ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలని అర్థం. ఆ రెండు వరుసల్లో ఇంత విషయం ఉంది. చదవడం వచ్చినవాళ్ళు ఉంటేనే దానికి విలువ.

అందుకే ఆ బండి నడిపే డ్రైవరుకు మామూలు లైసెన్సు చాలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం ప్రత్యేక శిక్షణ పొందాలి, లైసెన్సు మీద ఆ సంగతి రాయించుకోవాలి. రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఒక భారతీయ భాషా, దానితోపాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలి. ఈ అనుమతి ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవలసిందే. 2019 సవరణకు ముందు గడువు ఒక్క సంవత్సరం, ఆ తరవాత మూడేళ్ళు.

ఒక ట్యాంకరు సరుకుకే ఇంత జాగ్రత్త తీసుకుంటున్నాం గదా! మరి అలాంటి వంద ట్యాంకర్ల సరుకును ఒకే తొట్టెలో నెలల తరబడి నిలవ ఉంచే చోట, దాన్ని కనిపెట్టి ఉండే మనిషికి ఏం తెలిసి ఉండాలి? ఇవాళ్టి మన విషయం ఇదే.

విశాఖపట్నం ఉదంతం చూద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరున్న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి వచ్చింది. పన్నెండుమంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి, ఎటు పోవాలో తెలియక, వీధుల్లోనే కుప్పకూలిన దృశ్యాలు మనమంతా చూశాం.

స్టైరీన్ ద్రవం. దాని అణువులో ఒక ద్విబంధం ఉంది. ఆ బంధం తెరుచుకుని ఒక అణువు ఇంకో అణువును పట్టుకుంటూ పోతే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారవుతుంది. మనకు కావలసింది అదే. కాకపోతే రియాక్టరులో కావాలి, నిలవ తొట్టెలో కాదు. ఈ చర్య జరిగేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఇంకా వేడి. బయటికి పోయే వేడికన్నా లోపల పుట్టే వేడి ఎక్కువైన క్షణం నుంచి ఇక అది మన మాట వినదు. స్టైరీన్ 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మరిగిందంటే ఆవిరి బయటికి రావలసిందే.

దీన్ని ఆపడానికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, చల్లగా ఉంచడం. రెండోది, టీబీసీ అనే నిరోధక పదార్థం కలపడం. టన్ను స్టైరీనుకు 10 నుంచి 15 గ్రాముల టీబీసీ సరిపోతుంది. పప్పులో ఉప్పుకన్నా తక్కువ! కానీ అది రోజురోజుకూ ఖర్చయిపోతుంది. ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉంటేనే పనిచేస్తుంది. పైగా స్టైరీనుతోపాటు ఆవిరి కాదు కాబట్టి, తొట్టె పైకప్పుకు పట్టిన ఆవిరి బిందువుల్లో నిరోధకం ఉండదు. ఈ చిన్న వివరాలు తెలిసిన మనిషి తొట్టెను చూసే చూపే వేరు.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం 2020 జులైలో నివేదిక ఇచ్చింది. తొట్టెలో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచేవారు. అడుగున చల్లగానే ఉంది, పైన మాత్రం వేడి పెరుగుతూ పోయింది. శీతలీకరణ యంత్రాన్ని సాయంత్రం ఆపేసేవారు. టీబీసీ తగినంత నిలవ లేదు. లాక్‌డౌన్ వల్ల సరుకు వారాల తరబడి కదలకుండా ఉంది. హెచ్చరిక సైరన్ ఏర్పాటు ఉండీ మోగలేదు.

రిజిస్టరులో రాసిన అంకె అబద్ధం కాదు, గమనించండి. థర్మామీటరు నిజమే చెప్పింది, తానున్న చోటు గురించి. అంకె రాసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. 'ఈ థర్మామీటరు ఎక్కడుంది?' అని అడగడానికి చదువు కావాలి. ఆ ప్రశ్న అడగగలవాడా కాదా అని ముందే పరీక్షించి చూడటం, నా ఉద్దేశంలో, పట్టా ఇచ్చే పద్ధతికి అసలు ప్రయోజనం.

ఈ అవసరాన్ని మన చట్టం భోపాల్ తరవాత గుర్తించింది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి అక్కడి తొట్టెలోకి నీరు చేరి మిథైల్ ఐసోసయనేట్ వేడెక్కినప్పుడు, దాన్ని చల్లబరచవలసిన యంత్రం నెలల కిందటే ఆపేసి ఉంది. 1987లో 1948 నాటి కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల పనిలో అర్హత, అనుభవం ఉండి, ఆ పనిని పర్యవేక్షించగల వ్యక్తులనే యజమాని నియమించాలని రాశారు. ముంచుకొస్తున్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికులకూ ఇచ్చారు. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో సాధారణంగా వెయ్యిమంది కార్మికులున్న కర్మాగారానికి భద్రతాధికారి తప్పనిసరి. కొత్త కోడ్‌లో 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250 మంది ఉంటే చాలు. రసాయనానికి తలలు లెక్కపెట్టడం రాదు గదా, తక్కువమంది ఉన్న చోట సంగతేమిటన్న సందేహం నాకు మిగిలే ఉంది.

అమెరికాలో ఇంకో దారి పట్టారు. అక్కడ 1984లోనే ఒక వృత్తి సంస్థ ఏర్పడి, ప్రమాదకర పదార్థాల నిర్వాహకులకు పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది. డిగ్రీ ఉండాలి, కొన్నేళ్ళు ఆ పని చేసి ఉండాలి, ఆపైన పరీక్ష నెగ్గాలి. ఇది ప్రభుత్వ లైసెన్సు కాదు, ఎవరికి వారు కోరి తెచ్చుకునేది. ఐదేళ్ళకొకసారి, ఈ మధ్యకాలంలో ఏం నేర్చుకున్నారో చూపించి పునరుద్ధరించుకోవాలి. టీబీసీ లాగే చదువు కూడా ఖర్చయిపోతుందని వాళ్ళు గ్రహించారన్నమాట. మన భద్రతా డిప్లొమా ఒకసారి చేతికొస్తే చివరిదాకా అదే. ఈ ఒక్క విషయంలో వాళ్ళ పద్ధతే మెరుగని నేననుకుంటాను.

అయితే పట్టా ఒక్కటే చాలదు. చల్లబరిచే యంత్రం రాత్రంతా నడవాలని చెప్పే అధికారం కూడా ఆ మనిషికి ఉండాలి. కర్మాగారాల చట్టం కింద రాష్ట్రాలు చేసుకున్న నిబంధనల్లో ముఖ్య భద్రతాధికారి నేరుగా సంస్థ అధిపతి కిందే పనిచేయాలనీ, భద్రతకు సంబంధం లేని పనులు అప్పగించకూడదనీ ఉంది. ఆచరణ వేరు. క్యాంటీను లెక్కలు చూసే భద్రతాధికారిని నేను స్వయంగా కలిశాను.

ఈ వృత్తిలోకి రాదలచుకున్నవారికి దారి ఏమిటి? ముంబయిలోని కేంద్ర కార్మిక సంస్థలోను, చెన్నై వంటి చోట్ల ఉన్న ప్రాంతీయ సంస్థల్లోను పారిశ్రామిక భద్రతలో ఏడాది డిప్లొమా ఉంది. పైన చెప్పిన నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్ పట్టభద్రులకు రెండేళ్ళు, భౌతిక, రసాయన శాస్త్రాల పట్టభద్రులకు ఐదేళ్ళు కర్మాగారంలో అనుభవం అవసరం. అంటే కెమిస్ట్రీతో బి.యస్సీ. చదివేవారికీ ఈ తలుపు తెరిచే ఉంది. ఆ నిబంధనల్లో ఇంకొక అర్హత కూడా చేర్చారు. చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. కర్మాగారం ఉన్న ప్రాంతంలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష భద్రతాధికారికి బాగా వచ్చి ఉండాలి. విశాఖలో అయితే, రాత్రి షిఫ్టులో వాల్వు దగ్గర నిలబడ్డ కుర్రాడికి 'ఇది ఇప్పుడే కట్టెయ్, వెనక్కి పరిగెత్తు' అని తెలుగులో చెప్పగలగాలి.