మలేషియాలో కరెంటు కార్లు: మనం వేసుకోవలసిన లెక్కలు
(కౌలాలంపూర్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయాలు మాట్లాడుకునే చోట కార్ల గోలేమిటని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. అయ్యా, ఈ దేశంలో కారంటేనే రాజకీయం. 1983లో మహతీర్ ప్రభుత్వం ప్రోటాన్ పెట్టింది. 1985లో సాగా రోడ్డెక్కింది. 1993లో పెరొడువా వచ్చింది. వీటిని నిలబెట్టడానికి బయటి కార్ల మీద భారీ పన్నులు వేశారు. దానికి చవక పెట్రోలు, తొమ్మిదేళ్ల అప్పులు తోడయ్యాయి. ఉద్యోగం రాగానే కారు కొనడం ఇక్కడ అలవాటైపోయింది. సైబర్‌జయలో పనిచేసే మనవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ అలవాటే కరెంటు వైపు తిరుగుతోంది. దిగుమతి కరెంటు కార్లకు 2025 చివరి దాకా, ఇక్కడ బిగించేవాటికి 2027 చివరి దాకా పన్నులు ఎత్తేశారు. అయితే దిగుమతి కారు లక్ష రింగిట్ల లోపు రాకుండా ఒక గీత కూడా గీశారు. సొంత కంపెనీల కోసమే లెండి. కానీ ఫలితమేమిటి? రాయితీ చాలావరకు అందింది లక్ష పెట్టగలిగినవాడికే.

2024 డిసెంబరులో ప్రోటాన్ ఇ-మాస్ 7 వచ్చింది. అది చైనా గీలీ కారుకు మలేషియా రూపం. 2017 నుంచీ ప్రోటాన్‌లో 49.9 శాతం గీలీదే. 2025 డిసెంబరులో పెరొడువా ఇంకో పద్ధతి తెచ్చింది. క్యూవీ-ఇ కారు ధర 80 వేలు, బ్యాటరీకి మాత్రం నెలకు 275 రింగిట్ల అద్దె, తొమ్మిదేళ్ల పాటు. ఇల్లు కొని వంటగదికి అద్దె కట్టినట్టుంది కదూ! 108 నెలలకు 29,700. అంటే అసలు ధర దగ్గర దగ్గర లక్షా పదివేలు. కానీ "బ్యాటరీ పోతే ఎలా?" అన్న భయం కొనేవాడి నెత్తి మీంచి కంపెనీ నెత్తికి పోతుంది. జనం ఇంతకాలం వెనకాడింది ఆ భయంతోనే కనుక, ఇది తెలివైన ఎత్తే అంటాను.

మన సంగతికొద్దాం. 2025 సెప్టెంబరు 30న రాన్-95 పెట్రోలు పౌరులకు లీటరు 1.99 రింగిట్లు అయింది. మనలాంటి విదేశీయులకు 2.60తో మొదలైంది. నెలకు యాభై రింగిట్ల రైలు-బస్సు పాసు కూడా పౌరులకే. దేశం వాళ్లది, తప్పుపట్టను. కానీ లెక్క మారింది. ఎక్కువ తిరిగే ప్రవాసికి కరెంటు కారు స్థానికుడికంటే ముందే గిట్టుబాటవుతుంది. అడ్డు మరోచోట ఉంది. మనలో ఎక్కువమంది అద్దెకుండేవాళ్లం. నేనుండే అపార్ట్‌మెంటులో చార్జరు పెట్టుకుంటానంటే కమిటీవాళ్లు ఇంటి ఓనరు సంతకం తెమ్మన్నారు, ఓనరేమో కమిటీనే అడగమన్నాడు. 2025కల్లా పదివేల పబ్లిక్ చార్జర్లన్న ప్రభుత్వ లక్ష్యమూ అందలేదు.

హైదరాబాదులో కూడా రేపు ఇదే గొడవ. 2026 చివరి దాకా కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేస్తూ 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కొండాపూర్ అపార్ట్‌మెంటులో అద్దెకున్న కుర్రాడు బండి ఎక్కడ చార్జి చేసుకోవాలో ఆ మాఫీ చెప్పదు.

నాకు కారుకంటే బస్సు ముఖ్యం. ఇక్కడ సన్‌వేలో 5.4 కిలోమీటర్ల ప్రత్యేక దారిలో కరెంటు బస్సులు 2015లోనే మొదలయ్యాయి. మన ఆర్టీసీ 2019లో శంషాబాద్ విమానాశ్రయానికి నలభై వేసింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చారు, బస్సులు కిక్కిరిసిపోయాయి. 2025లో కేంద్ర పథకం కింద హైదరాబాదుకు రెండువేల కరెంటు బస్సులు కేటాయించారు. ఈ పద్ధతిలో బస్సు ప్రైవేటు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. మరి ఇప్పుడున్న డ్రైవర్లు, మెకానిక్కులు ఏమవుతారు? డిపో స్థలాల మీద ఎవరికి ఎంత హక్కు? ఒప్పందాలను పూర్తిగా వెబ్‌సైటులో పెట్టమని మన ఫోరం తరఫున రవాణా మంత్రికి ఉత్తరం రాయాలని ప్రతిపాదిస్తున్నాను. ముసాయిదా తెచ్చాను, చదివి మార్పులు చెప్పండి.