బిగుసుకున్న జిప్పుతో బలపరీక్ష వద్దు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అల్మాస్‌గూడలో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



ఇంతవరకు వక్తలు డి.ఏ. బకాయిల గురించి, వైద్య సదుపాయాల గురించి చక్కగా మాట్లాడారు. నేను మాత్రం బూటు జిప్పు గురించి మాట్లాడతాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఆ జిప్పు చేసిన పని విన్నాక నవ్వరు.

రెండేళ్ళ క్రితం శీతాకాలంలో నేనూ, మా శ్రీమతీ చికాగోలోని మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. అక్కడ మంచు కరగడానికి దారుల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బూట్లకు పట్టి, ఆరి, జిప్పు పళ్ళ మధ్య తెల్లగా పేరుకుంది. మేము పట్టించుకోలేదు. ఒకరోజు ఉదయం మనవడి స్కూల్లో కార్యక్రమం. టైమైపోతోంది. మా శ్రీమతి బూటు జిప్పు సగంలో ఆగిపోయింది. "ఉండండి, నెమ్మదిగా చూద్దాం" అని ఆమె అంటున్నా వినకుండా ఒక్క గుంజు గుంజాను. జిప్పు పైకి వచ్చింది. వెళ్ళాం, వచ్చాం. సాయంత్రం బూటు విప్పితే మేజోడు రక్తంతో తడిసి ఉంది. పలుచని మేజోడుతోపాటు చర్మం కూడా జిప్పులో పడి నలిగింది. ఆమెకు చాలా ఏళ్ళుగా షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గింది గనుక నొప్పే తెలియలేదు. ఆ చిన్న గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మిత్రులారా, జిప్పు మొదట పుట్టిందే బూట్ల కోసం. వివేకానందులవారు చికాగోలో ప్రసంగించిన 1893లోనే, ఆ నగరవాసి విట్‌కోంబ్ జడ్సన్ బూట్లు బిగించుకొనే సాధనానికి పేటెంటు పొందాడు. 1923లో గుడ్‌రిచ్ కంపెనీ తన రబ్బరు బూట్లతో 'జిప్పర్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది. సుఖం కోసం వచ్చిన వస్తువది. దానితో కుస్తీ పట్టడం మన తప్పు.

ఇక చేయవలసింది చెబుతాను.

మొదటిది, రన్నరు ఆగితే ముందుకు గుంజకండి. కొంచెం వెనక్కి తీసి, గుడ్డగాని దారంగాని ఇరుక్కుందేమో చూసి, దాన్ని పక్కకు లాగి, మళ్ళీ నడపండి.

రెండవది, బాగుచేయడం బూటు కాలికి లేనప్పుడే. పాత టూత్ బ్రష్‌తో దుమ్ము దులిపి, ఉప్పుగాని బురదగాని ఉంటే తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

మూడవది, లోహపు పళ్ళయితే పెన్సిల్ ములుకును రెండువైపులా రుద్దండి. ములుకులోని గ్రాఫైటు పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి. మన ఊరి పేరులోని 'అల్మాస్' అంటే వజ్రం కదా, ఆ వజ్రమూ, ఈ గ్రాఫైటూ రెండూ కార్బనే! మనకు వజ్రం అక్కరలేదు, మనవడి పెన్సిల్ చాలు. ప్లాస్టిక్, నైలాన్ పళ్ళయితే కొవ్వొత్తిగాని పొడి సబ్బుముక్కగాని రుద్దండి. తరువాత రన్నరును పదిసార్లు అటూ ఇటూ నడిపి, మిగిలిన పొడి తుడిచేయండి.

నాలుగవది, కొబ్బరినూనె రాయకండి. అప్పటికి జారుతుంది, నాలుగు రోజుల్లో దుమ్ము పట్టి మరింత బిగుస్తుంది.

జిప్పు వేసిన తరువాత వెనక విచ్చుకుంటుంటే రన్నరు అరిగినట్లు. చెప్పులు, సంచులు కుట్టేవారి దగ్గర మార్పించుకోండి. మన పి.పి.ఓ. కాగితాలు దాచుకొనే రెక్సిన్ సంచీకి కూడా ఈ వైద్యమే.

షుగరున్నవారికి ఒక్క మనవి. మందపాటి మేజోళ్ళు తొడగండి, జిప్పు పూర్తిగా తీశాకే కాలు పెట్టండి, రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకోండి.

ఈ నెలాఖరుకు మళ్ళీ మా ప్రయాణం. మొన్న అటకమీది బూట్లు దింపి, శుభ్రం చేసి, పెన్సిల్ రుద్ది, రన్నరు చివర ఒక కీచైను రింగు తగిలించాను. మా శ్రీమతి కుర్చీలో కూర్చొని, రింగులో వేలు పెట్టి, జిప్పు తానే పైకి లాక్కుంది. నేను పక్కనే చేతులు కట్టుకొని నిలబడ్డాను.